బొగ్గుబండికీ మెరుపుకాళ్లకీ మధ్య ముల్లుగారు

మా తోడల్లుణ్ణి ఇంటిల్లిపాదీ ముల్లుగారు అంటాం. తక్కెడ నడిమధ్యలో అటూ ఇటూ వాలకుండా నిలబడుతుంది చూడండి, ఆ ముల్లు. ఆయన పని కాటాలు బాగుచేయడం. కూరల దుకాణం తక్కెడ దగ్గర్నుంచి బస్తాలు తూచే ఇనుప కాటా దాకా ఏది మొరాయించినా ఆయన దగ్గరికే వస్తుంది. సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకి వంచి నడుస్తాడు. ఎవరైనా ఏమైనా అడిగితే వెంటనే జవాబివ్వడు. ఒకసారి కుడికి చూస్తాడు, ఒకసారి ఎడమకి చూస్తాడు, తలకాయ ఊగడం ఆగాక నోరు విప్పుతాడు.

ఆయనకి తప్పుడు తూకమంటే ఒంటికి పడదు. పెద్ద కూతురు పుట్టినప్పుడు మంత్రసాని "మూడు కిలోల బంగారం" అని మురిసిపోతుంటే, ఈయన పిల్లను గుడ్డలో చుట్టి దుకాణానికి పట్టుకెళ్లి తూచి తెచ్చాడు. "మూడు లేదు. గుడ్డ తీసేస్తే ఇంకా తక్కువ" అన్నాడు. ఆయన భార్య, మా వదిన, పచ్చి బాలింత. అయినా చేతికందిన దిండు విసిరింది. "దిండు కూడా తూచి చెప్పు" అంది.

ఇలాంటి మనిషి మా ఇంటి బాక్సింగ్‌కి న్యాయనిర్ణేత ఎలా అయ్యాడో చెప్పాలంటే ముందు మా మామగారి గురించి చెప్పాలి.

మా మామగారు రిటైరైన పోస్టుమాస్టరు. జీవితంలో ఎవరినీ కొట్టలేదు. ఆయన్ని కూడా ఒక వాకిలి తలుపు తప్ప ఎవరూ కొట్టలేదు. కానీ వెల్టర్‌వెయిట్ బాక్సర్లంటే ప్రాణం పెడతాడు. లావుపాటి వాళ్లు కొట్టుకుంటే గోడలు కూలినట్టుంటుందనీ, బక్కవాళ్లు కొట్టుకుంటే పిచ్చుకల గొడవలా ఉంటుందనీ, మనిషి మనిషిలా కొట్టుకునేది ఈ మధ్య బరువులోనే అనీ ఆయన సిద్ధాంతం. ఆయన దేవుడి పేరు బొగ్గుబండి. అంటే మేం పెట్టుకున్న పేరు. పగలు బొగ్గు తోలి సాయంత్రాలు కొట్లాడేవాడట. మామగారు పుట్టకముందే రిటైరయ్యాడు, మామగారు నిక్కర్లు తొడిగేనాటికి పోయాడు. అతని పోటీ ఒకటి మాత్రం మూగ రీలుగా మిగిలింది.

ఇక మామగారి కొడుకు, అంటే మా బావమరిది, రొట్టెల బట్టీ నడుపుతాడు. వాడి దేవుడు మెరుపుకాళ్లు, నిన్నమొన్నటి మొనగాడు. టీవీలో వాడు వేసిన ప్రతి గుద్దునీ నిదానంగా, మళ్లీ నిదానంగా, ఇంకా నిదానంగా చూపిస్తారు.

తండ్రీకొడుకుల తగువంతా ఇక్కడే.

"మావాడి స్పీడు చూశావుట్రా? కన్ను మూసి తెరిచేలోపు పది గుద్దులు!" అంటాడు మామగారు.

"అది రీలు స్పీడు నాన్నా! పాత రీళ్లన్నీ అలాగే పరిగెడతాయి. రెఫరీ కూడా గెంతుతున్నాడు చూడు. జనం చప్పట్లు కొడుతుంటే కోళ్లు రెక్కలు కొట్టుకున్నట్టుంది."

"జనం కూడా ఆ రోజుల్లో చురుగ్గా ఉండేవాళ్లు. మీవాడు మాత్రం? నీళ్లలో నడిచే గేదెలాగ! చెయ్యి లేపడానికే అరపూట పడుతుంది."

"అది స్లోమోషన్!"

"అదే నేననేది."

ఒకనాడు ఈ గొడవ ముదిరి కంచాల దగ్గర నుంచి ఇద్దరూ లేచిపోయారు. అప్పుడు అత్తయ్యగారు పెద్దల్లుడితో అంది: "ఇంత మంది కాటాలు సరిచేస్తావు కదా నాయనా, వీళ్లిద్దరినీ ఎలాగో తూచి పారెయ్." ఆవిడ విసుగుతో అన్నమాట అది. ముల్లుగారు విసుగుని విసుగుగా తీసుకునే మనిషి కాదు. కుడికి చూశాడు, ఎడమకి చూశాడు, "అలాగే" అన్నాడు.

అలా మొదలైంది. ఆదివారాలు కాటాల దుకాణం సగం తలుపు దించి లోపల పోటీలు పెట్టేవాళ్లం. ఏ కాలపు వీరుడైనా సరే, ఏ కాలపు వీరుడితోనైనా సరే. బల్ల మీద ఇత్తడి తక్కెడ. ఈ పళ్లెం ఒకడిది, ఆ పళ్లెం ఇంకొకడిది. ఇసుక గడియారం తిరగేస్తే రౌండు మొదలైనట్టు. ఒక్కో వీరుడి తరఫున ఒక్కో మనిషి నిలబడి తనవాడు ఏ గుద్దు ఎలా వేశాడో చెప్పాలి, ఎదుటివాడు ఎందుకు తప్పించుకోలేకపోయాడో కూడా చెప్పాలి. చెప్పింది నమ్మకంగా ఉంటే ముల్లుగారు ఆ పళ్లెంలో తూనిక రాయి వేస్తాడు. ముక్కు మీద చిన్న గుద్దుకి చిన్న రాయి, డొక్కలో గుద్దుకి మధ్య రాయి, దవడకి పెద్ద రాయి. చివరికి ముల్లు ఎటు వాలితే వాడు గెలిచినట్టు. నా ఉద్యోగం గంట. పెద్ద ఇనుప గుండు మీద స్పానరుతో కొట్టడం. చిన్నల్లుడికి అంతకంటే పెద్ద హోదా ఇవ్వలేదు లెండి.

ముల్లుగారు పెట్టిన నియమం ఇంకొకటుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మా బావమరిది చెవులు ఎర్రబడతాయి. వెల్టర్‌వెయిట్ అంటే అరవై ఏడు కిలోలకి కాస్త లోపు. తూచకుండా పోటీ ఎలా పెడతామని ఆయన వాదన. బాక్సర్లు దొరకరు కదా, ఒకళ్లు పోయారు, ఒకళ్లకి మేమెవరమో తెలియదు. కాబట్టి వాళ్ల తరఫున నిలబడేవాళ్లు తూగాలి.

"వీరుడు ఎవరి నోటితో మాట్లాడతాడో వాళ్ల ఒంటితోనే తూగాలి" అన్నాడు.

మామగారు ఈ మాటకి ఎగిరి గంతేశాడు. ఆయన గాలికి ఎగిరే కవరులా ఉంటాడు, ఎప్పుడైనా తూగుతాడు. బావమరిది సంగతి వేరు. పగలంతా వేడివేడి రొట్టెల మధ్య ఉండే మనిషి. పోటీ ముందురోజు నుంచి పస్తు. అయినా ముల్లు గీత దాటేది. చొక్కా తీసేవాడు, బనీను తీసేవాడు, వాచీ తీసేవాడు. ఒకసారి నిక్కరు మాత్రం మిగిలి, అది కూడా తీయాలా వద్దా అని కాటా మీద నిలబడి ఆలోచిస్తుండగా సగం తలుపు కింద నుంచి ఒక కూరగాయలావిడ వంగి లోపలికొచ్చింది.

"ఏమయ్యా, మనుషుల్ని కూడా అమ్ముతున్నారా?" అని పైనించి కిందిదాకా చూసి, "ఇది తాజాగా లేదులే" అని తన తక్కెడ ఇచ్చి వెళ్లిపోయింది.

ఇలా ఎంతమందినో ఢీకొట్టించాం. ఒక్క పోటీ మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. బొగ్గుబండీ, మెరుపుకాళ్లూ. తండ్రికీ భయమే, కొడుక్కీ భయమే. దేవుళ్లు ఓడిపోతే ఇక ఆదివారాలు ఏం చేయాలి?

పరిస్థితి ఇలా ఉండగా మామగారికి హెర్నియా వచ్చింది. పొత్తికడుపు పక్కన ఉబ్బు. ముందు మాకు చెప్పలేదు, చొక్కా వదులుగా వేసుకుని తిరిగాడు. డాక్టరు చూసి ఆపరేషన్ అన్నాడు. "ఆలస్యం చేస్తే పేగు మెలిపడుతుంది. అప్పుడు ప్రాణం మీదకి వస్తుంది" అని గట్టిగా చెప్పాడు. మామగారు "చూద్దాం" అన్నాడు. ఎండలు తగ్గాక అన్నాడు. వానలు తగ్గాక అన్నాడు. ఒకరోజు నొప్పితో గోడ పట్టుకుని వంగిపోయాడు, లేచి మళ్లీ "చూద్దాం" అన్నాడు.

ముల్లుగారు పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాడు. "అసలు భయం దేనికి మామయ్యగారూ?"

"భయమా? నాకా?" మామగారు కాసేపు కిటికీ వైపు చూశాడు. "మత్తు ఇస్తే లేస్తానో లేవనో. ఆ పోటీ తేలకుండా మత్తులోకి పోలేను అల్లుడూ. ఆ ఒక్కటీ తేల్చెయ్. తేలిన మర్నాడే వెళ్తాను. నా మాట మీద నిలబడతాను."

ఆదివారానికి ముహూర్తం కుదిరింది. ఇక ఇంట్లో ఆడవాళ్ల మొహాల్లో వెలుగొచ్చింది, ముల్లుగారి మొహంలో పోయింది.

"నాన్నవాడే గెలవాలి" అంది వదిన, వంటింట్లో భర్తని నిలబెట్టి. నేను మంచినీళ్ల వంకతో పక్కనే ఉన్నాను. "ఓడిపోయాడంటే దిగులుతో మంచమెక్కేస్తాడు. ఇక ఆసుపత్రి అన్న మాటే ఎత్తడు."

"గెలిస్తే గెలుస్తాడు" అన్నాడు ముల్లుగారు.

"గెలిస్తే కాదు. గెలవాలి. ఒక్క రాయి ఎక్కువ వేస్తే నీ సొమ్మేం పోయింది?"

ఆయన కుడికి చూశాడు. ఎడమకి చూశాడు. "కుదరదు" అన్నాడు. ఎంత బెంగగా అన్నాడంటే, వదిన తిట్టడం కూడా మానేసింది. మానేసి ఆలోచించడం మొదలుపెట్టింది. మా ఇంటి ఆడవాళ్లు తిట్టడం మానేస్తేనే జాగ్రత్తపడాలి.

ఆదివారం దుకాణం నిండిపోయింది. అత్తయ్యగారికి కాటా పీటే కుర్చీ. మామగారు నొప్పి కనపడకుండా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని వచ్చాడు. తూగాడు. బావమరిది కూడా తూగాడు, కాకపోతే ఏ స్థితిలో తూగాడో వాడి గౌరవం దృష్ట్యా రాయను. ముల్లుగారు ఖాళీ తక్కెడ ఎత్తి చూశాడు. ముల్లు నిటారుగా నిలిచింది. నేను గంట కొట్టాను.

మొదటి రౌండంతా ఇద్దరూ బెదురుతూనే మాట్లాడారు. తర్వాత వేడెక్కింది.

"మావాడు తల దించి లోపలికి దూరాడు. డొక్కలో ఒకటి, డొక్కలో రెండు!"

"ఎక్కడ దూరాడు? మావాడు అక్కడుంటే కదా. పక్కకి జరిగాడు, కదులుతూనే ముక్కు మీద ఒకటి ఇచ్చాడు."

"ముక్కు ఎప్పుడో విరిగిపోయింది మావాడికి. ఇంకా విరగడానికేం లేదు!"

"అందుకే ఊపిరాడదు, ఆరో రౌండుకి నోరు తెరుస్తాడు. తెరిచాడా? దవడ వదులైందా? ఇదిగో!"

ముల్లుగారు నమ్మిన దానికల్లా రాయి వేస్తున్నాడు. చెమట కారిపోతోంది. పళ్లేలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. ఏడో రౌండు అయ్యేసరికి సరిసమానం. నేను గంట కొట్టాను. విశ్రాంతి. అందరూ నీళ్లు తాగుతున్నారు.

అప్పుడు మామగారి పళ్లెం టక్కున కిందికి దిగిపోయి బల్లకి తగిలింది.

ముందుగా తేరుకున్నది మా బావమరిది. "ఫౌల్!" అని అరిచాడు. "గంట కొట్టాక గుద్దాడు! వెనక్కి తిరిగి వెళ్తున్నవాణ్ణి గుద్దాడు! బొగ్గుబండిని తీసెయ్ బావా!"

మామగారి మొహం కందగడ్డలా అయిపోయింది. "నోర్ముయ్యరా! మావాడు పుట్టి బుద్ధెరిగాక గంట కొట్టాక చెయ్యి లేపలేదు. ప్రాణం పోయినా లేపడు. అల్లుడూ! ఆ తక్కెడ తిప్పి చూడు. నాకు ఆ గుద్దు వద్దు. ఎక్కడో మోసముంది!"

ముల్లుగారు తక్కెడ మీదకి వంగాడు. రాళ్లన్నీ తీసి పక్కన పెట్టి, మామగారి పళ్లెం తిరగేశాడు. అడుగున కొవ్వొత్తి మైనం, నిమ్మకాయంత. బావమరిది పళ్లెం తిరగేశాడు. అక్కడ ఏమీ లేదు. బల్ల మీద మాత్రం, సరిగ్గా దాని కింద, ఎండి ఊడిపడిన పిండిముద్ద ఒకటి ఉంది.

"మైనం నాది" అంది వదిన, తల దించుకోకుండానే.

"పిండి నాది" అంది అత్తయ్యగారు.

"నువ్వెందుకు పెట్టావే?" అని మామగారు నివ్వెరపోయాడు. "నేను ఓడిపోవాలనా?"

"అవును. మీరు గెలిస్తే ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతారు, ఆసుపత్రి గుర్తుండదు. ఓడిపోతే అలుగుతారు. అలిగితే ఇంట్లో ఎవరి మొహమూ చూడరు, ఎక్కడికైనా సరే వెళ్లిపోతారు. ఇన్నేళ్లుగా చూస్తున్నా. అలిగినప్పుడే కదా పళ్లు కూడా పీకించుకొచ్చారు!"

తల్లీకూతుళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు, ఆ మనిషిని ఆసుపత్రికి పంపడానికే చెరోవైపు మోసం చేశారు. రెండు మోసాలూ సమానంగా తూగాయి గనక ముల్లు నిటారుగా నిలిచింది. బయట ఎవరి దుకాణంలోనో ఇది జరిగుంటే ముల్లుగారు ఆ తక్కెడ పట్టుకుని నెల రోజులు చదువుకునేవాడు. తన దుకాణంలో, తన చేతికింద జరిగింది. కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"పోటీ రద్దు" అన్నాడు.

"అయితే ఆపరేషనూ రద్దు" అన్నాడు మామగారు, లేచి నిలబడబోయి. నిలబడలేకపోయాడు. బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగించి ఆగిపోయాడు. నొప్పి.

వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ ముల్లు నిటారుగా ఉంటే చాలు కదా నీకు! మా నాన్న ఏమైపోయినా ఫర్వాలేదు. చూడనట్టు ఊరుకుంటే నీ నోరు పడిపోయేదా?"

ఆయన కుడికి చూశాడు, అక్కడ వదిన. ఎడమకి చూశాడు, అక్కడ మామగారు. తల చాలాసేపు ఊగింది. నేను ఆ మనిషి అంత ఇరుకున పడటం ఎప్పుడూ చూడలేదు. ఒక్క అబద్ధం చెబితే చాలు, ఆ మాత్రం అబద్ధం చెప్పనివాడెవడు? ఈయనే.

తల ఆగింది.

"పోటీ మళ్లీ పెడతాను మామయ్యగారూ" అన్నాడు. "కానీ ఇన్నాళ్లూ మనం ఒక పొరపాటు చేస్తూ వచ్చాం. బరువు చూశాం గానీ డాక్టరు పరీక్ష చూడలేదు. రింగులోకి దిగే ముందు ప్రతి బాక్సరునీ డాక్టరు చూడాలి. సరిగ్గా ఉన్నాడని రాసివ్వాలి. లేకపోతే గంట కొట్టకూడదు."

"దిగేది బొగ్గుబండి. వాడికి హెర్నియా లేదు" అన్నాడు మామగారు.

"ఆయన బరువు మీ ఒంటితోనే కదా తూచాం?"

"తూచాం."

"బరువు మీదైతే పేగు కూడా మీదే."

ఇంటిల్లిపాదీ మామగారినే చూస్తున్నాం. కొడుకుని నిక్కరు మీద నిలబెట్టినప్పుడు ఈ నియమాన్ని అందరికంటే గట్టిగా సమర్థించింది ఆయనే.

"నా బదులు ఇంకెవరైనా నిలబడితే?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"నిలబడొచ్చు. కాకపోతే బొగ్గుబండి ఎప్పుడైనా తన బదులు ఇంకొకణ్ణి పంపాడా?"

"...ఆటో పిలవండి" అన్నాడు మామగారు.

తర్వాత నేను అడిగాను. "అన్నయ్యగారూ, ఆ నియమం అప్పటికప్పుడు కల్పించారు కదూ?" ఆయన నొచ్చుకున్నాడు. "బాక్సింగ్‌లో ఎప్పుడూ ఉన్నదే. మనమే వదిలేశాం" అన్నాడు. నేను కనుక్కున్నాను. నిజమే.

నియమం ఇద్దరికీ నియమమే కనక బావమరిదిని కూడా అదే డాక్టరు చూశాడు. రక్తపోటు ఎక్కువుందట, ఆవేశం పనికిరాదన్నాడు, పోటీలు అసలే వద్దన్నాడు. వాడు రొట్టెల మధ్య కూలబడి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆపరేషన్ రోజు మామగారిని బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరు ధైర్యం చెబుదామని కబుర్లలోకి దింపాడట. మామగారు సర్టిఫికెట్ ఎందుకు కావాలో చెప్పాడు. డాక్టరు కాసేపు ఆలోచించి, "బొగ్గుబండి నాలుగో రౌండు దాటడండీ. మెరుపుకాళ్లే గెలుస్తాడు" అన్నాడట. మత్తు సూది అప్పటికే ఎక్కింది. మామగారు తల లేపి "ఆ రీలు చూశావుటయ్యా నువ్వు? చూడకుండా ఎలా..." అంటూ అంటూ నిద్రలోకి జారిపోయాడట. భయపడటానికి తీరిక దొరకలేదు పాపం. అంతా బాగానే జరిగింది.

కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే ఒక ఆదివారం మామగారు దుకాణానికి వచ్చి కూర్చున్నాడు, ఊరికే గాలి మారుతుందని. ఆ గొడవ తర్వాత మానేసిన వదిన భర్తతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. ముల్లుగారు ఏదో స్ప్రింగు విప్పుతున్నాడు. సగం తలుపు కింద నుంచి ఒక పెద్ద పొట్ట, దాని వెనక డాక్టరుగారు వచ్చారు. ఇంటి చొక్కాలో ఉన్నారు.

"మీ బావమరిదిని నేనే వద్దన్నాను కదా" అన్నారు కాస్త సిగ్గుపడుతూ. "మరి మెరుపుకాళ్ల తరఫున ఎవరూ లేరు. అన్యాయం కదండీ? నేను నిలబడతాను."

ముల్లుగారు కుడికి చూశాడు, ఎడమకి చూశాడు. ఇనుప కాటా వైపు చెయ్యి చూపించాడు. డాక్టరుగారు ఎక్కారు. కాటా మూలిగింది. ముల్లు గీత దాటి, గీత తర్వాత గీత దాటి, వెళ్తూనే ఉంది.

"చెప్పులు తీసేస్తాను" అన్నారు డాక్టరుగారు.

"తీయండి" అన్నాడు ముల్లుగారు మర్యాదగా. "కానీ మీరు ఇంకో మూడు బరువు తరగతులు పైన కొట్లాడవలసిన మనిషి డాక్టరుగారూ. ఈ పోటీకి కనీసం వచ్చే సంవత్సరం."

"ఏడాదా? రాత్రి భోజనం మానేస్తే?"

స్టూలు మీద మామగారు రెండు చేతులతో కుట్లు నొక్కి పట్టుకుని, కళ్ల నుంచి నీళ్లు కారుతుండగా, బలవంతంగా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. ఆరు వారాల దాకా నవ్వొద్దని ఆ డాక్టరే చెప్పి పంపాడు.